దిగాక మొదలయ్యే పని: సైకెడెలిక్ అనుభవాన్ని కలలా, కథలా చదువుకోవడం ఎలా

సైకెడెలిక్ అంటే చూపునీ మనసునీ మార్చి లేనివి కనబడేలా చేసే మందు. ఏ మందు ఎలా తీసుకోవాలో ఇక్కడ చెప్పడం లేదు. తీసుకోవడం అయిపోయింది, మత్తు దిగడం కూడా అయిపోయింది, చూసినదాన్ని మాత్రం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు అనేవాళ్ల కోసం ఇది. మీరు ఆమ్‌స్టర్‌డామ్‌లో దుకాణంలో అమ్మే ట్రఫుల్స్ (మత్తెక్కించే పుట్టగొడుగు గడ్డలు) తిన్న సాఫ్ట్‌వేర్ కుర్రాడు కావచ్చు. శివరాత్రికి భంగు ఎక్కువై తెల్లవార్లూ గోడల్లో ముఖాలు చూసినవారు కావచ్చు. ఆపరేషన్‌కి కెటమిన్ మత్తు ఇచ్చినప్పుడు పైకప్పు తెరుచుకుని, ఎప్పుడో పోయిన తండ్రి దిగిరావడం చూసిన పెద్దావిడ కూడా కావచ్చు. దారి ఏదైనా తర్వాత మిగిలే ప్రశ్న ఒకటే: ‘నేను చూసింది ఏంటి?’

చట్టం గురించి ఒక్క మాట. మన దేశంలో ఎల్‌ఎస్‌డీ, సైలోసిబిన్ (ఆ ట్రఫుల్స్‌లో ఉండేది), డీఎంటీ లాంటి సైకెడెలిక్‌లు దగ్గర పెట్టుకున్నా, వాడినా 1985 నాటి మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం కింద నేరమే. ‘మళ్లీ ఒకసారి చూస్తే అర్థమవుతుందేమో’ అనిపించడం సహజం. ఆ కోరికను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఒకసారి చూసినదాంట్లోనే నెలలకు సరిపడా పని ఉంటుంది.

ముందు తేల్చుకోవాల్సింది

అనుభవం పూర్తిగా దిగాకే ఈ పని మొదలుపెట్టాలి. సైలోసిబిన్ మామూలుగా 4 నుంచి 6 గంటలు, ఎల్‌ఎస్‌డీ 8 నుంచి 12 గంటలు ఉంటాయి. రోజులు గడిచినా నిద్ర పట్టకపోయినా, ఎవరో వెంబడిస్తున్నట్టు అనిపిస్తున్నా, చెవిలో గొంతులు వినబడి ‘ఇది చెయ్యి, అది చెయ్యి’ అంటున్నా, చచ్చిపోవాలనిపిస్తున్నా ఇక్కడితో చదవడం ఆపి సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లండి. ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రెనియా, బైపోలార్ లాంటి తీవ్రమైన మానసిక జబ్బు ఉంటే ఇంకా త్వరగా వెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. డాక్టర్ దగ్గర ఏం తీసుకున్నారో దాచొద్దు. మన వైపు ఇలాంటప్పుడు ‘గాలి సోకింది’ అని ముందు తాడు కట్టేవాళ్ల దగ్గరికి తీసుకెళ్తారు. పెద్దవాళ్ల మనశ్శాంతి కోసం తాడు కట్టించుకుంటే కట్టించుకోండి, గొడవ లేదు. ఆసుపత్రి మాత్రం దానికంటే ముందు.

ఉమ్మెత్త సంగతి వేరు. పొలం గట్ల మీద దొరుకుతుంది కాబట్టి కొందరు ఆ కాయతో ప్రయోగం చేస్తారు. అది చూపించేది మతిభ్రమ. ఒళ్లు కాలిపోతుంది, గుండె దడదడలాడుతుంది, ప్రాణం పోవచ్చు. అది విషప్రయోగం కిందే లెక్క. 108కి ఫోన్ చేయండి.

రాయండి, అర్థం మాత్రం రాయొద్దు

ఒక నోటుబుక్ తీసుకోండి. ఎడమ పేజీ మీద ‘చూసింది’ అని, కుడి పేజీ మీద ‘అనుకున్నది’ అని రాయండి. మొదటి వారం ఎడమ పేజీయే నింపండి. రంగు, శబ్దం, వాసన, ఒంట్లో ఎక్కడ ఏం అనిపించింది, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఏ చేత్తో ఏం పట్టుకున్నారు. ‘అమ్మవారు కనబడింది’ అన్నది కుడి పేజీకి చెందిన మాట. ‘ఎర్ర చీర, ముఖం కనబడలేదు, కాళ్లు తడిగా ఉన్నాయి’ అన్నది ఎడమ పేజీకి చెందింది. ఈ రెంటినీ మొదటిరోజే కలిపేస్తే తర్వాత విడదీయడం దాదాపు అసాధ్యం.

రాయడం రాకపోతే ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఇంట్లో మాట్లాడే యాసలోనే చెప్పండి. పుస్తకాల తెలుగులోకి వెళ్లగానే మనకు తెలియకుండానే ‘దివ్యానుభూతి’, ‘విశ్వచైతన్యం’ లాంటి మాటలు దూరిపోయి, అసలు చూసిన తడి కాళ్లు కనబడకుండా పోతాయి.

బొమ్మ గీస్తే ఇంకా మంచిది. 2022 దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండి ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిన సీతంపేట కొండల్లో సవర గిరిజనులు ఉంటారు. మన గిడుగు రామమూర్తి గారు నిఘంటువు రాసింది వాళ్ల భాషకే. ఒడిశా వైపు సవర ఇళ్లలో గోడ బొమ్మలు ఎలా పుడతాయో మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1950లలో వివరంగా రాశాడు. పూర్వీకుడో దేవతో కలలో కనబడి ఏదో అడిగితే, ఆ కలను చిత్రకారుడికి చెప్పి గోడ మీద వేయిస్తారు. ఆ కల గోడెక్కాక ఇంట్లోవాళ్లంతా దాన్ని చూస్తూ అన్నం తింటారు. మీ గీత ఎంత వంకరగా ఉన్నా పర్వాలేదు, బొమ్మ తలలోంచి కాగితం మీదికి రావాలి. వచ్చాక దానికీ మీకూ మధ్య కాస్త దూరం ఏర్పడుతుంది.

యశోద ప్రశ్నలు అడగండి

పోతన భాగవతంలో చిన్న కృష్ణుడి నోట్లో బ్రహ్మాండం కనబడినప్పుడు యశోద వెంటనే దండం పెట్టదు, ప్రశ్నలు వేసుకుంటుంది. ఇది కలా? మాయా? ఇంకెవరి సంకల్పమో నా మీద పనిచేస్తోందా? నిజమేనా? నాకు ఆలోచించడం చేతకాక ఇలా అనిపిస్తోందా? అసలు నేను యశోదనేనా, ఇది మా ఇల్లేనా? ఇంత వరసగా తన చూపునే అనుమానించిన తల్లి మన సాహిత్యంలో ఇంకొకరు ఉన్నారో లేదో గానీ, మన పనికి ఇంతకంటే మంచి ప్రశ్నావళి నాకు దొరకలేదు.

వీటిని మీకు తగ్గట్టు మార్చుకోండి. ఆ రోజు నా ఒంట్లో ఏముంది, నిద్ర ఉందా, జ్వరం ఉందా? అంతకుముందు వారం నేను ఏం చూశాను, ఏం చదివాను? పక్కనున్నవాళ్లు ఏం మాట్లాడుతున్నారు, ఏ పాట పెట్టారు? ‘ఇంకెవరి సంకల్పం’ అన్న ప్రశ్న ఇక్కడికే వస్తుంది. పక్కవాడు ‘ఇప్పుడు నీకు మూడో కన్ను తెరుచుకుంటుంది’ అన్నాక కన్ను కనబడితే అందులో సగం వాటా వాడిది.

ఎల్‌ఎస్‌డీ, సైలోసిబిన్ లాంటి మందులు మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని అందుకునే 5-హెచ్‌టీ2ఏ అనే గ్రాహకాల మీద పనిచేస్తాయి. 1943లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్‌కి ఎల్‌ఎస్‌డీ ప్రభావం అనుకోకుండా తెలిసినప్పటినుంచి చాలామంది ఒకటే చెబుతున్నారు: చూసిన బొమ్మ కంటే ‘ఇదే పరమ సత్యం’ అన్న నమ్మకమే గట్టిగా తగులుతుందని. ఆ నమ్మకం కూడా అనుభవంలో భాగమే. కాబట్టి అది కూడా ఎడమ పేజీలోనే రాసుకోండి: ‘చెరువు కనబడింది. అది చాలా నిజమనిపించింది.’

వేటికి అర్థం వెతకొద్దు

గళ్లు, సాలెగూళ్లు, సొరంగాలు, సుడులు. 1920లలో మనస్తత్వవేత్త హైన్రిష్ క్లూవర్ మెస్కలిన్ అనే సైకెడెలిక్ తీసుకున్నవాళ్లు చెప్పే ఆకారాలను గమనించి, అవి ఈ నాలుగు రకాల చుట్టూనే తిరుగుతున్నాయని తేల్చాడు. ఎవరికైనా వచ్చేవే. చూపుకి సంబంధించిన మెదడు అల్లికలోంచి పుట్టేవి. వాటిని శ్రీచక్రం అనుకుని అర్థం లాగితే కాలం వృథా. అందంగా ఉన్నాయి, చూశారు, చాలు. మనుషులు, జంతువులు, చోట్లు, ఏదైనా జరగడం, వీటి దగ్గర ఆగండి.

బొమ్మ దగ్గర ఆగడం ఎలా

‘పాము కనబడితే కుండలిని’, ‘నీళ్లు కనబడితే మనసు’ అని చెప్పే పట్టికల జోలికి వెళ్లొద్దు. మన మామ్మలు అలా చెప్పేవాళ్లు కాదు.

‘మామ్మా, కల్లో పామొచ్చిందే.’

‘కరిసిందా, ఊరికే సూసిందా?’

‘సూసి ఎల్లిపోనాది.’

‘ఏ పక్కకెల్లింది, ఇంట్లోకా, పెరట్లోకా?’

ఎంత చక్కగా అడిగిందో చూడండి. పాము అంటే ఏంటో చెప్పకుండా, ఆ పాము ఏం చేసిందో రాబట్టింది. మీరు కూడా ముందు అదే చేయాలి. తర్వాత మూడు పొరలుగా వెళ్లండి: ముందు నా బతుకులో ఈ వస్తువు ఎక్కడుంది, ఆ తర్వాత మా ఊళ్లో, చివరికి పురాణంలో. ఈ వరస తప్పొద్దు. స్విస్ మానసిక వైద్యుడు కార్ల్ యూంగ్ కలల దగ్గర ఇంచుమించు ఇలాగే చేసేవాడు: ముందు కల కన్నవాడి సొంత జ్ఞాపకాలు, తర్వాతే పురాణగాథలతో పోలిక.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. కవిటి దగ్గర పల్లె, బెంగళూరులో ఉద్యోగం. అతను చూసింది ఇది: కొబ్బరి చెట్లన్నీ వేళ్లు పైకి, మట్టలు కిందికి పెట్టి నిలబడి ఉన్నాయి. వాటి మధ్య ఎండిపోయిన చెరువు. చెరువు అడుగున పెద్ద తాబేలు, దాని డిప్ప మీద తమ పాత పెంకుటిల్లు. గుమ్మంలో నాన్న పేపర్ చదువుతున్నాడు. తాబేలు కదలబోతే ఇల్లు ఊగుతోంది.

చదువుకున్న స్నేహితుడు వెంటనే అంటాడు: ‘తలకిందుల చెట్టు అంటే గీత పదిహేనో అధ్యాయంలోని అశ్వత్థ వృక్షం రా! నీకు సంసార వృక్షం కనబడింది.’ వినడానికి బాగుంది. కానీ ఆ కుర్రాడిది ఉద్దానం, శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి తోటల ప్రాంతం. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చిన మర్నాడు అతను చూసింది అదే: వేళ్లతో సహా లేచిపోయిన తోట. అది అతని ఇంటి జ్ఞాపకం, ఇంటి అప్పు. ముందు దానికి చోటివ్వాలి. నేరుగా గీత దగ్గరికి వెళ్తే నాన్న తోట కనబడకుండా పోతుంది. పురాణం ఇలా నొప్పిని దాటవేయడానికి సాకు కూడా అవుతుంది, ఆధ్యాత్మికం మాట్లాడేవాళ్లలో ఇది నేను ఎక్కువగా చూసే జబ్బు.

ఇక తాబేలు. చిన్నప్పుడు ఒడ్డుకు గుడ్లు పెట్టడానికి వచ్చే సముద్ర తాబేళ్లను చూశాడు, చచ్చి కొట్టుకొచ్చినవాటినీ చూశాడు. ఇది మొదటి పొర. శ్రీకూర్మం గుడికి వెళ్లినప్పుడు అక్కడ పెంచే తాబేళ్లకు ఆకుకూర పెట్టాడు. ఇది రెండోది. ఇప్పుడు మూడో పొరకు వెళ్లొచ్చు: పాలసముద్రం చిలుకుతుంటే మందర పర్వతం కుంగిపోతోంది, విష్ణువు కూర్మమై కింద చేరి వీపు మీద మోశాడు. దేవతలు ఒక పక్క, రాక్షసులు ఒక పక్క లాగుతున్నారు. అందరూ కనబడతారు. కింద ఉన్నవాడు కనబడడు.

కథ అక్కడికి చేరాక అర్థం చెప్పడం మానేసి ప్రశ్న అడుగుతుంది: మీ ఇంటి బరువు కింద ఎవరున్నారు? డబ్బు పంపేది నేను కాబట్టి నేనే అని కుర్రాడు అనుకుంటాడు. ఎడమ పేజీ మళ్లీ చూడమనండి. ఇల్లుంది, నాన్న ఉన్నాడు, పేపర్ ఉంది. అమ్మ లేదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి అరుదు. నాన్నను వారం వారం డయాలసిస్‌కి తీసుకెళ్లేది, బస్సులో పక్కన కూర్చునేది ఆమె. అందరి రిపోర్టులూ చూసిన అతను అమ్మ రిపోర్టు ఎప్పుడూ చూడలేదు.

ఇది ఒక్కటే సరైన అర్థమని అనను. కానీ పనికొచ్చే అర్థానికి ఒక గుర్తు ఉంది. అది మిమ్మల్ని కాస్త ఇబ్బంది పెడుతుంది, కాస్త చిన్నవాణ్ని చేస్తుంది, ఎవరి దగ్గరికో పంపుతుంది. మిమ్మల్ని పెద్దవాణ్ని చేసే అర్థం వస్తే దాన్ని ఒక నెల పక్కన పెట్టండి.

కథలో మీరు ఎక్కడున్నారు

కథ దొరికాక చాలామంది చేసేది అందులో నాయకుడి కుర్చీలో కూర్చోవడం. ‘నేనే కల్కిని’ అన్న స్థితికి వెళ్లినవాళ్లను ఆసుపత్రుల్లో చూడొచ్చు. అందుకని కథలోని పాత్రలన్నీ వరసగా రాసి, ఒక్కో రోజు ఒక్కో పాత్ర వైపు నుంచి మీ దృశ్యాన్ని చెప్పుకోండి. మథనంలో వాసుకి ఉంది, దాని ఒళ్లు రాసుకుపోతోంది. హాలాహలం ఉంది, అమృతం కంటే ముందు వచ్చింది అదే. భయంకరమైన అనుభవం ఎదురైనవాళ్లకు ఈ వరస పనికొస్తుంది. విషం ముందు రావడం పని చెడిపోయిందనడానికి గుర్తు కాదు. అయితే దాన్ని ఎవరు పట్టుకోగలరో చూడాలి. దేవతలంతా శివుడి దగ్గరికి పరిగెత్తారు, తలా కాస్త పంచుకోలేదు. మీకు ఆ శివుడు ఒక మంచి సైకాలజిస్ట్ కావచ్చు.

విశ్వరూపం చూసిన అర్జునుడు సంతోషించలేదు, వణికాడు. మళ్లీ మామూలు రూపం చూపించమని బతిమాలాడు. మీరూ ఆ రాత్రి ‘ఆపేయండి’ అని ఏడ్చి ఉంటే సిగ్గుపడక్కర్లేదు, మీకంటే ముందు గాండీవధారే వణికి బతిమాలాడు.

లవణరాజు కథ విజయనగరం వాళ్లకు ప్రత్యేకంగా దగ్గరిది. యోగవాసిష్ఠంలో ఒక ఇంద్రజాలికుడు కొలువులో నెమలి ఈకల కట్ట తిప్పుతాడు. రాజు కాసేపు కొయ్యబారిపోతాడు. ఆ కాసేపట్లోనే అతను అడవిలో ఆకలితో తిరిగి, అంటరానివాళ్ల పల్లెలో పెళ్లాడి, పిల్లల్ని కని, కరువులో అన్నీ పోగొట్టుకుంటాడు. లేచి చూస్తే సింహాసనం మీదే ఉన్నాడు. గడియలో ఒక జీవితం గడిచిపోవడం మీలో కొందరికి కొత్తేమీ కాదు. ఇక్కడ గమనించాల్సింది రెండు చదువులు. వాసిష్ఠం ఆ దృశ్యాన్ని మనసు, మాయ వైపు తీసుకెళ్లింది. గురజాడ అప్పారావు గారు అదే కలను తీసుకుని కులం మీద ‘లవణరాజు కల’ రాశారు. దృశ్యం ఒకటే. ఒకరికి అది లోకం అబద్ధమని చెప్పింది, మరొకరికి మనం మనుషుల్ని ఎలా చూస్తున్నామో చెప్పింది. మీ నోటుబుక్‌లోనూ కుడి పేజీ మీద కనీసం రెండు చదువులు ఉండాలి, ఒకదానితో ఒకటి తగాదా పడేవి అయితే మరీ మంచిది.

తర్వాత వచ్చే కలలు

కొన్ని వారాల పాటు కలలు చిక్కగా రావచ్చు. లేవగానే ఫోన్ ముట్టుకోకముందే నాలుగు ముక్కలు రాయండి. ఆ రాత్రి చూసిన బొమ్మ మళ్లీ వచ్చిందా, మారిందా అన్నదే చూడాలి. తాబేలు ఎండిన చెరువులోంచి నీళ్లలోకి వెళ్లిందా? ఇల్లు దిగిందా? కల ఏం చెప్పినా దాన్ని పట్టుకుని మొత్తం తిరగరాయొద్దు, తేదీ వేసి కింద చేర్చండి.

మెలకువలో కళ్లు మూసుకుని ఆ బొమ్మతో మాట్లాడే పద్ధతి ఒకటుంది. యూంగ్ 1913 నుంచి దాన్ని తన మీదే చేసుకున్నాడు. అప్పుడు రాసి, బొమ్మలు వేసిన పుస్తకం 2009లో గానీ అచ్చుకాలేదు. ఆ రోజుల్లో రోగుల్ని చూడటం, ఇల్లు నడపడం మానకపోవడమే తనను నిలబెట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. సైకెడెలిక్ మందులంటే మాత్రం ఆయనకు అనుమానమే. మీరు చేస్తే 15 నిమిషాలకు అలారం పెట్టుకోండి, పగటిపూట, ఇంట్లో ఇంకో మనిషి ఉన్నప్పుడే చేయండి. అయ్యాక ముఖం కడుక్కుని బయటికి నడవండి. మనసు అసలే గట్టిగా లేని రోజుల్లో ఇది వద్దు.

ఎవరికి చెప్పాలి, ఎలా సరిచూసుకోవాలి

విజయనగరం పైడితల్లమ్మ జాతరలో పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి సిరిమాను ఎలా వస్తుందో చూడండి. చింతమాను ఎక్కడుందో అమ్మవారు పూజారి కలలో చెబుతుందని నమ్మకం. కల ఆయనదే, కానీ పని ఆయన ఒక్కడితో అయిపోదు. కల చెప్పాక మనుషులు వెళ్లి వెతుకుతారు, మానును చూస్తారు, పూజ చేస్తారు, నలుగురూ కలిసి ఊళ్లోకి తెస్తారు. కల నలుగురి కళ్ల ముందు, పగటి వెలుతురులో ఒక చెట్టు దగ్గరికి చేరాలి.

మీకూ అలాంటి నలుగురు కావాలి, నిజానికి ఇద్దరు చాలు. ఒకరు మిమ్మల్ని చిన్నప్పటినుంచి ఎరిగినవారు, ‘నువ్వు ఎప్పుడూ ఇంతే’ అనగలిగేవారు. ఇంకొకరు ఇలాంటి విషయాలు విన్నప్పుడు టెన్షన్ పడనివారు, వీలైతే సైకాలజిస్ట్. ఊరందరి వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు.

దృశ్యంలో ఎవరైనా మీకు హాని చేసినట్టు కనబడితే చాలా జాగ్రత్త. మన ఏజెన్సీ పల్లెల్లో చిల్లంగి (చేతబడి) పెట్టారన్న అనుమానంతో ముసలివాళ్లను కొట్టి చంపిన ఘటనలు అందరికీ తెలిసినవే. కలలో పక్కింటి అవ్వ కనబడటం ఆమె మీద సాక్ష్యం కాదు. అలాగే చిన్నతనంలో ఎవరో మీతో తప్పుగా ప్రవర్తించినట్టు కొత్తగా ‘గుర్తొస్తే’ దాన్ని కొట్టిపారేయొద్దు, వెంటనే ఇంట్లో నిలదీయొద్దు. ఈ స్థితిలో వచ్చే జ్ఞాపకం నిజమూ కావచ్చు, అల్లికా కావచ్చు. దాన్ని నేరుగా సైకాలజిస్ట్ దగ్గరికే తీసుకెళ్లండి.

ఒక చిన్న పని

ఉద్యోగం మానేయడం, విడాకులు, భూమి అమ్మడం, సన్యాసం లాంటివి కనీసం రెండు నెలలు వాయిదా వేయండి. బదులుగా బొమ్మలోంచి వారంలో అయిపోయే ఒక పని తీయండి. ఆ కవిటి కుర్రాడైతే అమ్మను ల్యాబ్‌కి తీసుకెళ్లి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయిస్తాడు. తండ్రి దిగిరావడం చూసిన పెద్దావిడ ఆయన తిథికి వంట చేసి, ఆయనతో మాటల్లేకుండా పోయిన చిన్నాన్నను భోజనానికి పిలుస్తుంది. పని చేశాక ఎలా అనిపించిందో కుడి పేజీలో రాయండి. ఏమీ అనిపించకపోతే అదీ రాయండి, ఆ అర్థం తప్పు కావచ్చు.

కొన్ని నెలలయ్యాక నోటుబుక్ మళ్లీ తెరిచి, వేరే రంగు పెన్నుతో కొత్తగా తోచింది చేర్చండి. అప్పటికీ ఆ బొమ్మ తలచుకుంటే చెమటలు పడుతున్నా, కంటి ముందు గళ్లు, మెరుపులు ఇంకా కదులుతున్నా డాక్టర్‌ను కలవండి. వెళ్లేటప్పుడు నోటుబుక్ తీసుకెళ్లి ఎడమ పేజీలే ముందు చూపించండి. మీ అర్థాలు వాళ్లు అడిగాక చెప్పొచ్చు.